జర్మనీవాళ్లు రోజూ రెండు గంటలు ఊరికే పనిచేసి దేశాన్ని కట్టుకున్నారా?

గోదారి_గట్టు
మా బావగారు ఫ్యామిలీ గ్రూపులో నెలకోసారి ఒకే ఫార్వర్డు పెడతారు. 1945లో జర్మనీ బూడిదైపోయింది, అప్పుడు జనమంతా జీతం తీసుకోకుండా రోజూ రెండు గంటలు ఎక్కువ పనిచేశారు, పదేళ్లలో దేశం లేచి నిలబడింది, మనవాళ్లకు ఆ బుద్ధి ఏదీ అని. చివర్లో ఒక జెండా, రెండు దండాలు.

నిన్న మా మేనకోడలు ఆదివారం కూడా ఆఫీసుకు రమ్మంటున్నారని గ్రూపులో వాపోతే, దాని కిందా ఇదే పెట్టారు. నాకు ఒళ్లు మండింది. ఎదురు చెబుదామంటే నాకు తెలిసింది ఇంటర్‌లో చదివిన నాలుగు ముక్కలే.

ఈ రెండు గంటల కథ నిజమేనా? ఆ దేశాన్ని మళ్లీ కట్టింది అమెరికా డబ్బా, జనం కష్టమా? ఇంకో డౌటు ఎప్పట్నుంచో ఉంది. హిట్లర్‌కు చెయ్యెత్తి జై కొట్టిన జనమే కదా, వాళ్లు మర్నాటి నుంచి ప్రజాస్వామ్యాన్ని ఎలా నమ్మారు? లింకులు పడేయకండి, చదివే ఓపిక లేదు. ఆదివారం వాళ్లింట్లో భోజనాలు. అప్పటికి నాకు సరుకు కావాలి.

మిరపకాయ_బజ్జీ
ముందు మీ బావగారు ఏం పని చేసేవారో చెప్పండి.

గోదారి_గట్టు
ఒక ఆఫీసులో అకౌంట్స్. రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఐదింటికి స్కూటర్ స్టార్టయ్యేది.

కొలోన్_కబుర్లు
రెండు గంటల సంగతేమో గానీ, బూడిదైందన్న మాటలో అతిశయోక్తి లేదు. నేనుండే కొలోన్‌లో ఊరి నడిబొడ్డు తొంభై శాతం దాకా పోయింది. అప్పటి ఫొటోల్లో జంట గోపురాల పెద్ద చర్చి ఒక్కటే నిలబడి ఉంటుంది, చుట్టూ మొండి గోడలు. రైన్ నది మీద వంతెనలన్నీ నీళ్లలో. యుద్ధానికి ముందు ఏడున్నర లక్షల జనాభా దాటిన ఊళ్లో, 1945 మార్చిలో అమెరికా సైన్యం వచ్చేసరికి యాభై వేల మంది కూడా లేరు.

ఆ పని ఇంకా అయిపోలేదు కూడా. కిందటేడాది మా వీధి చివర కొత్త బిల్డింగుకు పునాది తవ్వుతుంటే పొక్లెయిన్‌కు ఒక బాంబు తగిలింది. అప్పట్లో పైనుంచి వేసి, పేలకుండా మట్టిలో దిగిపోయినది. మధ్యాహ్నానికి మునిసిపాలిటీవాళ్లు వచ్చి తలుపు కొట్టారు, ఇల్లు ఖాళీ చెయ్యమని. కుక్కర్ రెండు విజిళ్లు వేసింది అప్పటికి. స్టవ్ ఆపి, పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని బయటపడ్డాను. ఒక స్కూలు హాల్లో నాలుగు గంటలు కూర్చోబెట్టారు. పక్కన ఒక పెద్దాయన తాపీగా పదకేళి నింపుకుంటున్నాడు. ఆయనకు ఇది ఐదోసారట.

మిరపకాయ_బజ్జీ
మూడో విజిల్ 1945 నుంచి పెండింగ్ అన్నమాట.

పాత_పుస్తకాలు
గట్టు గారూ, జర్మనీ అంతటా అలా ఊరికే పనిచేసిన పథకం ఏదీ లేదు. దీని వెనక ఉన్నది శిథిలాలు ఎత్తిన ఆడవాళ్ల కథ. ట్రుమ్మర్‌ఫ్రావెన్ అంటారు. తలకు గుడ్డ కట్టుకుని, వరసగా నిలబడి, ఇటుకలు చేతికి చేయి అందించుకుంటున్న ఫొటోలు చూసే ఉంటారు. సుత్తితో పాత సున్నం రాలగొట్టి, పనికొచ్చే ఇటుకను వేరే పేర్చేవాళ్లు. ఒక్క బెర్లిన్‌లోనే ఏడున్నర కోట్ల ఘనపు మీటర్ల శిథిలాలు అని లెక్క. అందులో కొంత ఊరికి పడమర పోస్తే అదే ఒక కొండయింది. టాయ్‌ఫెల్స్‌బెర్గ్ అని 120 మీటర్ల ఎత్తు. నాజీలు కట్టిన ఒక మిలిటరీ కాలేజీ దాని అడుగున పూడిపోయింది.

కానీ ఇందులోనూ కొంత కథ అల్లారు. ఎగబడి వచ్చి చేసిన సేవ కాదది. బెర్లిన్‌లో గంటకు 72 ఫెనిగ్‌లు కూలి. దానికన్నా ముఖ్యం రేషన్ కార్డు. పనీ పాటా లేదని రాసిన కార్డు మీద వచ్చే తిండితో మనిషి బతకడమే కష్టం, ఇటుకలు మోస్తే పై తరగతి కార్డు. మగవాళ్లు లక్షల్లో చనిపోయారు, ఇంకొన్ని లక్షలమంది ఖైదులో ఉన్నారు. చాలా ఊళ్లలో ఈ పని నాజీ పార్టీ సభ్యులకు శిక్షగా వేశారు, యుద్ధఖైదీల చేత చేయించారు. తర్వాత ఎక్కువ భాగం ఎత్తింది కాంట్రాక్టు కంపెనీలు, యంత్రాలతో. ఆ ఆడవాళ్లను దేశమాతలుగా చూపడం తర్వాత్తర్వాత పెరిగింది.

లెక్కల_మాష్టారు
72 ఫెనిగ్‌లకు నా లెక్క. నూరు ఫెనిగ్‌లు ఒక మార్కు. ఎనిమిది గంటలు ఇటుకలు మోస్తే ఐదు మార్కుల డెబ్బై ఆరు. నల్లబజార్లో ఒక్క అమెరికన్ సిగరెట్టు ధర ఐదారు మార్కులు. రోజంతా నడుం విరగ్గొట్టుకుంటే ఒక సిగరెట్టు. ప్యాకెట్ కాదు.

అప్పుడు నిజమైన డబ్బు సిగరెట్టే. వెన్న, బూట్లు, బొగ్గు, అన్నీ సిగరెట్ల లెక్కన మారేవి. మార్కు నోటుకు విలువ లేదు, ఎందుకంటే హిట్లర్ యుద్ధం కోసం నోట్లు కొట్టి పడేశాడు, ధరలేమో చట్టంతో బిగించేశాడు. నోట్లు బోలెడు, దుకాణాలు ఖాళీ.

సింగరేణి_చిన్నోడు
బొగ్గు అనంగనే వచ్చిన. 1946-47 చలికాలం అక్కడ ఘోరం, నదులు గడ్డకట్టినయి. కొలోన్ బిషప్ కార్డినల్ ఫ్రింగ్స్ డిసెంబరు 31న చర్చిలో ఏం చెప్పిండంటే, ప్రాణం నిలుపుకోనికి తప్పనిసరి అయినది, పని చేసినా అడిగినా దొరకకపోతే, మనిషి తీసుకోవచ్చు. జనం ఎదురుచూస్తున్నదే అది. రైల్వే వ్యాగన్ల మీదికెక్కి బొగ్గు దించుకునుడు మొదలుపెట్టిన్రు. దొంగతనం అనలే, "ఫ్రింగ్సన్" అన్నరు. ఆయన పేరు మీదనే క్రియాపదం పుట్టింది.

ఆయన అదే ఉపన్యాసంలో, అవసరానికి మించి తీసుకున్నది తిరిగి ఇయ్యాలె అని కూడా చెప్పిండు. అది ఎవ్వరికీ వినబడలే.

మిరపకాయ_బజ్జీ
మా కాలనీలో ఎదురింటి కరివేపాకు ఫ్రింగ్సన్ చేస్తుంటాను. ఇన్నాళ్లకు పేరు తెలిసింది.

కొలోన్_కబుర్లు
చిన్నోడు చెప్పిన మాట ఇక్కడి ముసలివాళ్లు ఇప్పటికీ నవ్వుతూ అంటారు. ఫోన్ చార్జర్ తీసుకెళ్లి ఇవ్వకపోయినా ఫ్రింగ్సనే.

గోదారి_గట్టు
బాగుంది గానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. సిగరెట్టు లెక్క నుంచి బెంజికారు దాకా ఎలా వచ్చారు? అమెరికా పంపిన సాయం, అదే మార్షల్ ప్లానేనా?

లెక్కల_మాష్టారు
మార్షల్ ప్లాన్ గురించి మనవాళ్లకున్నంత భ్రమ దేని గురించీ లేదు. 1948 నుంచి 1952 దాకా యూరప్ మొత్తానికి దాదాపు 1300 కోట్ల డాలర్లు. అందులో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్‌ల చేతికింద ఉన్న పశ్చిమ జర్మనీకి వచ్చింది 140 కోట్లు. బ్రిటన్‌కు, ఫ్రాన్స్‌కు అంతకన్నా ఎక్కువ ఇచ్చారు. డబ్బుతోనే అయ్యే పనైతే బ్రిటన్ ముందుండాలి.

అసలు మలుపు నా లెక్కలో 1948 జూన్ 20. ఆదివారం. పాత మార్కు రద్దు, కొత్త డాయిష్ మార్కు. నోట్లు అమెరికాలో అచ్చేసి, చెక్కపెట్టెల్లో గుట్టుగా ఓడల్లో తెచ్చారు. రేషన్ ఆఫీసుల ముందు క్యూ కట్టించి మనిషికి 40 మార్కులు చేతిలో పెట్టారు, తర్వాత ఇంకో 20. లుడ్విగ్ ఎర్హార్డ్ అనే ఆర్థికవేత్త అదే ఊపులో చాలా వస్తువుల మీద ధరల కంట్రోల్ ఎత్తేశాడు. సోమవారం పొద్దున దుకాణాల అద్దాల్లో కుండలు, సైకిల్ ట్యూబులు, వెన్న ప్రత్యక్షం. నిన్నటిదాకా లేనివి రాత్రికి రాత్రి తయారయ్యాయా? వెనక గోడౌన్లో దాచారు, పనికొచ్చే డబ్బు వచ్చేదాకా.

పాత_పుస్తకాలు
మాష్టారూ, ఇక్కడ సగమే చెబుతున్నారు. బ్యాంకులో దాచుకున్నవాళ్ల సంగతి? నూరు పాత మార్కులకు చివరికి చేతికొచ్చింది ఆరున్నర. ఇల్లు, భూమి, ఫ్యాక్టరీ, గోడౌన్లో సరుకు ఉన్నవాడికి ఒక్క పైసా తగ్గలేదు. జీతాలేమో అక్కడే, ధరలేమో పైకి. అదే ఏడాది నవంబరు 12న తొంభై లక్షల మందికి పైగా కార్మికులు ఒకరోజు పని మానేశారు. బావగారి ఫార్వర్డులో ఈ సమ్మె ఉండదనుకుంటా.

మీరు మార్షల్ ప్లాన్‌ను మరీ చిన్నబుచ్చారు కూడా. వచ్చింది సరుకు రూపంలో. పత్తి తెచ్చుకున్న మిల్లు దాని ఖరీదు మార్కుల్లో కట్టాలి. అలా పోగైన నిధిని కేఎఫ్‌డబ్ల్యూ అనే ప్రభుత్వ బ్యాంకు అప్పులుగా ఇచ్చింది, అవి తిరిగొస్తే మళ్లీ ఇచ్చింది. ఆ నిధి ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

లెక్కల_మాష్టారు
నిధి తిరగడం ఒప్పుకుంటా. చిన్నబుచ్చలేదు, సైజు చెప్పాను. అప్పు మాఫీ సంగతి చెప్పండి మరి, అది అమెరికా చెక్కు కన్నా పెద్దది. 1953లో లండన్‌లో కూర్చుని, యుద్ధానికి ముందువీ తర్వాతవీ కలిపి జర్మనీ బాకీల్లో దాదాపు సగం కొట్టేశారు. మిగతా సగం కూడా ఎగుమతుల మీద మిగులు వస్తేనే కట్టు అన్నారు. ఒప్పుకున్న దేశాల్లో గ్రీసు కూడా ఉంది. అరవై ఏళ్ల తర్వాత గ్రీసు అప్పుల్లో మునిగినప్పుడు జర్మనీ ఎంత ఉదారంగా ఉందో అందరం చూశాం.

ముంపు_ఊరు
ఫ్యాక్టరీలు బాంబులకు పోతే మళ్లీ ఎట్లా తయారు చేశారు?

పాత_పుస్తకాలు
ఊళ్లు పోయినంతగా ఫ్యాక్టరీలు పోలేదు. పైకప్పు కూలినా లోపల యంత్రం బాగానే ఉండేది. యుద్ధకాలంలో కొత్త యంత్రాలు ఎన్ని పెట్టారంటే, బాంబులకు పోయింది పోగా 1945లో ఉన్నవి 1936 కన్నా ఎక్కువే అని ఆర్థిక చరిత్ర రాసినవాళ్లు తేల్చారు. వాటిని నడిపించింది ఎవరు? పోలండ్, ఉక్రెయిన్, రష్యాల నుంచి పట్టుకొచ్చిన వెట్టి కూలీలు, క్యాంపుల్లోని ఖైదీలు. బతికున్నవాళ్లకు పరిహారం ఇవ్వడానికి ఫౌండేషన్ పెట్టింది 2000లో. పదహారు లక్షల మందికి పైగా తీసుకున్నారు. అప్పటికి చాలామంది లేరు.

ఊరికే పనిచేసిన మనుషుల కథ అంటే ఇదీ గట్టు గారూ. ఫార్వర్డులో ఉన్నది కాదు.

ఉక్కు_పిల్ల
నేను పుట్టి పెరిగింది రూర్కెలాలో, తెలుగువాళ్లు బోలెడు అక్కడ. మా తాతగారు శ్రీకాకుళం జిల్లా నుంచి ప్లాంటు కట్టేటప్పుడు వెళ్లారు. ఆ ప్లాంటు పశ్చిమ జర్మనీ సాయంతో కట్టిందే, క్రుప్, డెమాగ్ కంపెనీలు. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959. బాంబులు పడి పద్నాలుగేళ్లు కాకముందే మన దగ్గరకొచ్చి ఉక్కు ఫ్యాక్టరీ కట్టారని తాత గొప్పగా చెప్పేవారు.

పెద్దయ్యాక చదివితే, ఆ కంపెనీ యజమాని ఆల్‌ఫ్రీడ్ క్రుప్‌కు వెట్టి కూలీలను వాడుకున్నందుకు 1948లో న్యూరెంబర్గ్ యుద్ధ నేరాల కోర్టులో పన్నెండేళ్ల శిక్ష వేశారని తెలిసింది. 1951లో వదిలేశారు, ఆస్తి కూడా తిరిగిచ్చారు. ఈ మాట తాతకు చెప్పలేదు. ఆయన దగ్గర జర్మన్ ఫోర్‌మన్ ఇచ్చిన స్పానర్ ఒకటి ఉండేది, ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

మోడరేటర్
మన పార్టీలను, మన నాయకులను హిట్లర్‌తో పోలుస్తూ వచ్చిన మూడు పోస్టులు తీసేశాను. జర్మనీలోనే ఉండండి, వీసా నేనిస్తాను.

గ్రూప్‌టూ_గండం
మాకు జర్మనీ అంటే ఒకటే బిట్టు. "ఎమర్జెన్సీలో ప్రాథమిక హక్కుల సస్పెన్షన్ ఏ రాజ్యాంగం నుంచి తీసుకున్నారు?" జవాబు వైమర్, అంటే హిట్లర్‌కు ముందు జర్మనీలో ఉన్నది. మూడుసార్లు రాశాను పరీక్ష, మూడుసార్లూ కరెక్టే. ఉద్యోగం మాత్రం రాలేదు.

ఆ వైమర్ రాజ్యాంగమే హిట్లర్‌ను రానిచ్చింది కదా? తర్వాత ఏం మార్చారు?

నల్లకోటు
నీ బిట్టు దగ్గరే ఉంది విషయమంతా. వైమర్ రాజ్యాంగంలో 48వ అధికరణం కింద అధ్యక్షుడు హక్కులు ఆపేయొచ్చు. 1933 ఫిబ్రవరిలో పార్లమెంటు భవనం తగలబడగానే దాన్నే వాడారు. మార్చిలో అదే పార్లమెంటు చేత, చట్టాలు చేసే అధికారం మంత్రివర్గానికి రాయించుకున్నాడు హిట్లర్. అంతా కాగితం మీద పద్ధతిగానే కనిపిస్తుంది.

అందుకే 1948లో బాన్‌లో కొత్తది రాయడానికి కూర్చున్న 65 మంది, అందులో నలుగురు ఆడవాళ్లు, తాళాల మీద తాళాలు పెట్టారు. 1949 మే 8న ఆమోదం, అంటే లొంగిపోయి సరిగ్గా నాలుగేళ్లకు. మొదటి వాక్యమే మనిషి గౌరవానికి భంగం కలిగించరాదని. ప్రభుత్వాన్ని పడగొట్టాలంటే అదే ఓటుతో కొత్త చాన్సలర్‌ను, అంటే మన ప్రధాని లాంటివాణ్ని, ఎన్నుకోవాలి, ఊరికే దించి పోతే కుదరదు. ఆ పద్ధతిలో కుర్చీ మారింది ఒక్కసారే, 1982లో ష్మిట్ దిగి కోల్ వచ్చినప్పుడు. ఐదు శాతం ఓట్లు రాని పార్టీకి సీట్లు లేవు, ఇది తర్వాత ఎన్నికల చట్టంలో పెట్టారు. అన్నిటికన్నా పెద్ద తాళం 79వ అధికరణం. ఎంత మెజారిటీ ఉన్నా కొన్ని మూల సూత్రాలను సవరణతో కూడా తీసేయలేరు.

ఇక్కడ మనకూ ఒక ముడి ఉంది. డీట్రిచ్ కాన్‌రాడ్ అనే జర్మన్ ప్రొఫెసర్ 1965లో బనారస్ హిందూ యూనివర్సిటీలో ప్రసంగిస్తూ, సవరణ అధికారానికి హద్దే లేకపోతే రేపు మొఘల్ చక్రవర్తినో బ్రిటిష్ కిరీటాన్నో మళ్లీ తెచ్చుకోవచ్చా అని అడిగారు. ఆ వాదన మన సుప్రీంకోర్టులో గోలక్‌నాథ్ కేసులో మన లాయర్ల చేతికొచ్చింది, 1973 కేశవానంద భారతి తీర్పులో ఆయన మాటలు ఎక్కాయి. మౌలిక స్వరూప సిద్ధాంతం అని నువ్వు బట్టీ పట్టేది అదే.

గ్రూప్‌టూ_గండం
ఈ ముడి నాలుగేళ్లుగా ఏ కోచింగ్ సెంటర్లోనూ చెప్పలేదు. నోట్సులో రాసుకున్నా.

తూర్పు_కిటికీ
నేను ఒకప్పటి తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఉంటాను. పొద్దుట్నుంచి చదువుతున్నా, జర్మనీ అంటే పశ్చిమం ఒక్కటే అన్నట్టు రాస్తున్నారు. సోవియట్ల చేతికింద ఉన్న తూర్పుకు మార్షల్ ప్లానూ లేదు, అప్పు మాఫీ లేదు. సోవియట్లు నష్టపరిహారం కింద ఫ్యాక్టరీలు ఊడదీసి తీసుకెళ్లారు. డబుల్ లైన్ ఉన్న చోట ఒక రైలు పట్టా పీక్కుపోయారు.

గట్టు గారూ, మీ బావగారి రెండు గంటలు దొరికాయి. ఉన్నాయి, ఇక్కడే ఉన్నాయి! 1951 చివర్లో తూర్పు బెర్లిన్‌లో "జాతీయ నిర్మాణ కార్యక్రమం" అని మొదలుపెట్టారు. స్టాలిన్ అవెన్యూ అనే పెద్ద వీధి కట్టడానికి జనం ఆఫీసు అయ్యాక వచ్చి ఊరికే పనిచెయ్యాలి. చేసిన పనికి కార్డు మీద స్టాంపులు. స్వచ్ఛందమే, కానీ రాకపోతే పేరు ఎక్కడో రాసుకుంటారు.

తర్వాత ఏమైందో వినండి. 1953లో ప్రభుత్వం అందరూ పది శాతం ఎక్కువ పని చూపించాలి, లేదంటే కూలి తగ్గుతుంది అంది. జూన్ 16న అదే వీధిలో కట్టుబడి పనివాళ్లు పనిముట్లు కింద పెట్టి రోడ్డెక్కారు. మర్నాటికి దేశంలో కొన్ని వందల ఊళ్లు. సోవియట్ ట్యాంకులు వచ్చాయి. కనీసం 55 మంది చనిపోయారు.

గోదారి_గట్టు
ఇది! ఇది కావాలి నాకు. ఆ రెండు గంటలు ఉన్నది నియంతృత్వం వైపు, దాని చివర ట్యాంకులు. ఫోన్లో సేవ్ చేశా.

లెక్కల_మాష్టారు
నెగ్గేశానని అప్పుడే అనుకోకండి. పశ్చిమంలోనూ జనం మామూలుగా పనిచేయలేదు. యాభైల మొదట్లో వారానికి ఆరు రోజులు, 48 గంటలు. యూనియన్లు కూడా చాలాకాలం జీతాల కోసం గట్టిగా పట్టుబట్టలేదు. పదేళ్లపాటు ఏడాదికి ఎనిమిది శాతం పెరుగుదల ఊరికే రాలేదు.

సింగరేణి_చిన్నోడు
పట్టుబట్టలే, ఎందుకంటే బదులుగా వేరేది తీసుకున్నరు. 1951 చట్టంతో బొగ్గు, ఉక్కు కంపెనీల పర్యవేక్షక బోర్డులో సగం సీట్లు కార్మికులవి. సగం! నేను గని దిగేటోడిని, ఆ మాట చదివి రెండుసార్లు చూసుకున్న.

ఇంక శనివారం సంగతి. 1956 మే డేకు యూనియన్ల సమాఖ్య ఒక పోస్టర్ వేసింది. చిన్న పిల్లగాడు నిలబడి "శనివారం మా నాన్న నావాడు" అంటున్నట్టు. దాని తర్వాత ఒక్కో రంగంలో ఐదు రోజుల వారం వచ్చింది. మెటల్ పరిశ్రమకు 1967 కల్లా వారానికి 40 గంటలు. దేశం ఎదిగింది, పని గంటలు తగ్గినయి. గట్టు అన్నా, ఇది మీ మేనకోడలికి పంపుండ్రి.

ముంపు_ఊరు
నాకు ఇంకోటి తెలుసుకోవాలని ఉంది. యుద్ధమయ్యాక పోలండ్, చెకొస్లోవేకియాల వైపు నుంచి తరిమేసిన జర్మన్లు కోటి మంది దాటారు కదా, వాళ్లు ఎక్కడికి పోయారు? మాది శ్రీశైలం ముంపులో పోయిన ఊరు. మా నాయన పాత ఇంటి తలుపు చెక్క ఇప్పటికీ దాచుకున్నాడు. అందుకే అడుగుతున్నా.

పాత_పుస్తకాలు
కోటీ ఇరవై లక్షల దాకా. సైలీషియా, తూర్పు ప్రష్యా, సుడెటెన్‌ల్యాండ్ నుంచి. దాదాపు ఎనభై లక్షల మంది పశ్చిమానికి చేరారు. ఊళ్లలో ఎవరింట్లో ఖాళీ గది ఉంటే అందులో ఒక కుటుంబాన్ని అధికారులే పెట్టేశారు. సొంత భాషవాళ్లే, అయినా ఎవరూ ఎర్రతివాచీ పరవలేదు. వంటగది పంచుకోవడం దగ్గర రోజూ గొడవలే.

1952లో ఒక చట్టం తెచ్చారు, భారాన్ని సమంగా పంచుకోవడం అని. యుద్ధంలో ఆస్తి నిలబడినవాడు, 1948 నాటి దాని విలువలో సగం ముప్ఫై ఏళ్లలో వాయిదాల మీద కట్టాలి. ఆ డబ్బు అన్నీ పోయినవాళ్లకు. ద్రవ్యోల్బణం వల్ల చివరి వాయిదాలు పెద్ద నొప్పి పుట్టించలేదు, అది వేరే సంగతి. దానికి తోడు యాభైల దశకంలో యాభై లక్షలకు పైగా ఇళ్లు కట్టారు. ఇంత కట్టాక పనివాళ్లు చాలక 1955లో ఇటలీతో, 1961లో టర్కీతో ఒప్పందాలు చేసుకుని మనుషులను పిలిపించారు. జర్మన్లే కట్టుకున్నారు అనేవాళ్లు వీళ్లను మర్చిపోతారు.

ముంపు_ఊరు
ఇల్లు నిలిచినవాడి దగ్గర తీసి ఇల్లు పోయినవాడికి. మా నాయనకు చదివి వినిపించా. "ముప్ఫై ఏళ్లు ఆగుతారా ఎవరైనా?" అన్నాడు.

నల్లకోటు
గట్టు గారి రెండో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. మనుషులు ఎలా మారారు? సూటిగా చెప్పాలంటే, మారలేదు. మొదటి పాతికేళ్లు దాచుకున్నారు.

అమెరికా వాళ్లు 131 ప్రశ్నల ఫారం ఇచ్చి, ఏ సంఘంలో ఉన్నావు, ఏం చేశావు రాయమన్నారు. ఐదు తరగతులు పెట్టారు, అసలు నేరస్థుడి నుంచి నిర్దోషి దాకా. కోట్ల ఫారాలు. విచారణ స్థానిక సంఘాలకు అప్పగించేసరికి అందరూ పక్కింటాయన చేతనో ఫాదర్ చేతనో మంచివాడని ఉత్తరం రాయించుకున్నారు. వాటికి జనం పెట్టిన పేరు పెర్సిల్ సర్టిఫికెట్. పెర్సిల్ అంటే అక్కడి బట్టల సబ్బు పొడి.

మిరపకాయ_బజ్జీ
సర్ఫ్ సర్టిఫికెట్! గెజిటెడ్ సంతకం కావాలా?

నల్లకోటు
కావాల్సిన పనే లేదు. హన్స్ గ్లోబ్కే అని, యూదులను పౌరసత్వం నుంచి వెలేసిన న్యూరెంబర్గ్ చట్టాలకు వ్యాఖ్యానం రాసిన అధికారి. 1953 నుంచి పదేళ్లు చాన్సలర్ అడెనావర్ కార్యాలయాన్ని నడిపింది ఆయనే. నాజీలని తీసేసిన ఉద్యోగుల్లో ఎక్కువమందిని 1951లో చట్టం చేసి వెనక్కి తీసుకున్నారు. హిట్లర్ కాలంలో తీర్పులిచ్చిన జడ్జీలు మళ్లీ అదే బెంచీ మీద కూర్చున్నారు.

లెక్కల_మాష్టారు
ఏం చెయ్యమంటారు మరి? పోస్టాఫీసు, రైల్వే, ఆసుపత్రి ఎవరు నడపాలి? లక్షల మందిని ఇంట్లో కూర్చోబెడితే వాళ్లే ఇంకో పార్టీ పెట్టేవాళ్లు. వైమర్ కూలింది కూడా కడుపు మండినవాళ్ల వల్లే.

నల్లకోటు
పోస్టుమాన్‌ను ఎవరూ అనలేదు మాష్టారూ. ఉరిశిక్షలు రాసిన జడ్జి పెన్షన్ తీసుకోవడం గురించి అంటున్నా.

పాత_పుస్తకాలు
ఇద్దరికీ మధ్యలో నేను ఒక పేరు చెబుతా. ఫ్రిట్జ్ బావర్. యూదుడు, నాజీలు క్యాంపులో పెట్టారు, విడుదలయ్యాక దేశం వదిలి స్కాండినేవియాలో తలదాచుకున్నాడు, యుద్ధమయ్యాక తిరిగొచ్చి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రాసిక్యూటర్ అయ్యాడు. యూదులను మృత్యుశిబిరాలకు తరలించే పని నడిపిన ఐష్‌మన్ అర్జెంటీనాలో ఉన్నాడని సమాచారం వస్తే సొంత పోలీసులకు చెప్పలేదు, ఇజ్రాయెల్‌కు అందించాడు. తన ఆఫీసు మీద ఆయనకున్న నమ్మకం అది! 1963 డిసెంబరులో ఆయన పట్టుదల వల్లే ఆష్‌విట్జ్ మృత్యుశిబిరంలో పనిచేసినవాళ్ల విచారణ మొదలైంది, 22 మంది ముద్దాయిలు. వాళ్లలో ఒక మందుల షాపాయన, ఇద్దరు డెంటిస్టులు ఉన్నారు. బ్యాంకులో, ఆఫీసులో పనిచేసుకుంటున్న మామూలు మనుషులు. రోజూ పేపర్లో వస్తుంటే పిల్లలు చదివి అన్నం దగ్గర అడగడం మొదలుపెట్టారు, నాన్నా నువ్వెక్కడున్నావప్పుడు అని. 1968లో కాలేజీలు అట్టుడికాయంటే ఆ ప్రశ్న కూడా ఒక కారణం. 1970 డిసెంబరులో చాన్సలర్ విల్లీ బ్రాంట్ వార్సాలో యూదుల స్మారకం ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆయనేమో నాజీలకు ఎదురు నిలిచి దేశం వదిలి పోయినవాడు. అప్పుడు కూడా సర్వేలో దాదాపు సగం మంది ఇది ఎక్కువ చేయడమే అన్నారు.

తూర్పు_కిటికీ
మా వైపు ఆ ప్రశ్న కూడా పుట్టనివ్వలేదు. నాజీలంతా పశ్చిమంలో ఉన్నారు, మాది ఫాసిజాన్ని ఎదిరించిన రాజ్యం అని బోర్డు పెట్టేశారు. నియంతృత్వం తర్వాత ఇంకో నియంతృత్వం. స్టాసి అనే గూఢచారి శాఖ దాచిన కాగితాలు వరసగా పెడితే 111 కిలోమీటర్లు. 1989 చివర్లో ఆ రాజ్యం కూలుతుండగా వాళ్లు వాటిని చింపుతుంటే జనం వెళ్లి ఆఫీసులు ఆక్రమించారు. చింపిన ముక్కలు పదిహేను వేల సంచులకు పైనే, వాటిలో కొన్నిటిని ఏళ్ల తరబడి మనుషులు కూర్చుని అతికించారు. 1992 నుంచి ఎవరి ఫైలు వాళ్లు చదువుకోవచ్చు.

మా ఇంటి ఓనరమ్మ చదివింది. ఏ రోజు ఏ కోటు వేసుకుంది, ఎవరికి కేకు పట్టుకెళ్లింది అన్నీ ఉన్నాయట. రాసిందెవరో తెలిసింది, నాకు పేరు చెప్పలేదు. మా వీధిలో ఒక ఇల్లు వచ్చేసరికి మాత్రం ఆమె రోడ్డు దాటి అవతలి పక్క నడుస్తుంది.

కొలోన్_కబుర్లు
ఇక్కడ వీధుల్లో నడిచేటప్పుడు కాలి కింద అరచేయంత ఇత్తడి పలకలు కనిపిస్తాయి, నాజీలకు బలైనవాళ్ల గుర్తుగా. "ఇక్కడ నివసించారు" అని, పేరు, పుట్టిన ఏడు, ఎక్కడికి పట్టుకుపోయారు, ఎప్పుడు చంపారు. ప్రభుత్వం వేసినవి కావు, గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు మొదలుపెట్టాడు. ఇప్పుడు యూరప్ అంతా కలిపి లక్ష దాటాయి. ఒక్కోదానికి ఎవరో ఒకరు డబ్బు కడతారు, పక్కింటివాళ్లో, స్కూలు పిల్లలో.

మా గుమ్మం ముందు రెండున్నాయి, ఒక తల్లి, ఆరేళ్ల కూతురు. ఏటా నవంబరు 9న, అంటే 1938లో యూదుల మీద దాడులు జరిగిన రోజున, చుట్టుపక్కలవాళ్లు వచ్చి వాటిని తోముతారు. మొన్న మా అమ్మ వచ్చినప్పుడు చూసి, ఏం చేస్తున్నారని అడిగింది. చెప్పాను. లోపలికెళ్లి చింతపండు నానబెట్టి తెచ్చి, వాళ్లను పక్కకు జరగమని, తనే కూర్చుని రుద్దింది. పాప పేరు చదివించుకుంది నా చేత. వాళ్ల దగ్గర ఏదో క్రీముంది గానీ ఇంత మెరుపు రాలేదు.

ఉక్కు_పిల్ల
కబుర్లు గారూ, మా తాత స్పానర్ ఇప్పుడు నా దగ్గరే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తెలియడం లేదు.

గోదారి_గట్టు
భోజనాలయ్యాయి, రిపోర్టు.

ట్యాంకుల కథ చెప్పాను. బావగారు "కమ్యూనిస్టులు అంతే" అని తేల్చేశారు. రాజ్యాంగం తాళాలు విన్నారు, తల ఊపారు. శనివారం పోస్టర్ చెప్తే మేనకోడలు ఫోన్ లాక్కుని ఆ వాక్యం తన స్టేటస్‌లో పెట్టుకుంది. ఆయన ఏమీ అనలేదు.

ఆయన్ని ఆపింది 72 ఫెనిగ్‌లు. "రోజుకెంత పడింది?" అన్నారు. చెప్పాను. నమ్మలేదు. పెళ్లి కార్డు వెనక్కి తిప్పి, కళ్లజోడు పెట్టుకుని, తనే హెచ్చవేశారు. ఐదు డెబ్బై ఆరు. సిగరెట్టు ధర మళ్లీ అడిగారు. పక్కన రాశారు. కాసేపు దాన్నే చూసి, "మరి రేషన్ కార్డు ఎన్ని రకాలు?" అన్నారు. అది నాకు తెలియదు. పాత_పుస్తకాలు గారూ, చెప్తారా? ఆయన రాత్రి ఫోన్ చేస్తానన్నారు.

పాత_పుస్తకాలు
బెర్లిన్‌లో 1945లో ఐదు. మొదటిది బరువు పనివాళ్లకు, ఐదోది ఉద్యోగం లేని ఇల్లాళ్లకు, ముసలివాళ్లకు. ఆ ఐదో కార్డుకు జనం "స్వర్గానికి టిక్కెట్టు" అని పేరు పెట్టారని చెప్పండి. ఇటుకలు మోసిన ఆడవాళ్లది రెండోది.

మిరపకాయ_బజ్జీ
కూర ఏంటో చెప్పలేదు.

గోదారి_గట్టు
గుత్తొంకాయ.